దీపము కడకు వచ్చు నాక్టుయిడులు: వానిని ఏరుట, గుర్తించుట

తొలకరి వానలు పడిన కొద్ది దినములకే మన వసారాలలోని దీపముల చుట్టును పురుగులు మూగుట అందరును ఎరిగినదే. మొదట ఉసిళ్ళు వచ్చును. వాని సందడి ఒకటి రెండు రాత్రులలో ముగిసిపోవును. ఆ తరువాత సంక్రాంతి దాటువరకును రాత్రివేళ వచ్చి గోడలకు అంటుకొని కూర్చుండునవి రెక్కల పురుగులు. కవులు వీనినే శలభములన్నారు. తెల్లవారి చూచినచో కొన్ని బూడిద రంగువి, కొన్ని గోధుమ రంగువి, కొన్ని ఎండుగడ్డి రంగువి. పైచూపునకు అన్నియు ఒక్క తీరుగనే యుండును. చీపురుతో ఊడ్చివేయబడు ఈ మట్టిరంగు పురుగులలో దేహము బలిసి, రెక్కలను ఇంటికప్పువలె వీపుపై వాల్చుకొని కూర్చుండునవి పెక్కు నాక్టుయిడే అను కుటుంబమునకు చెందినవి. లాటిను భాషలో నాక్టువా యనగా గుడ్లగూబ. టార్చి వెలుతురు సోకినపుడు వీని కన్నులు నిప్పురవ్వలవలె మెరయుట చూచినవారికి ఆ పేరు తగినదే అనిపించును.

ఇట్టి పురుగులను ఏరి పేర్లు పెట్టుట తీరికగలవారి వినోదమని కొందరి తలంపు. ఇది సరికాదని చూపుటకు రెండు పురుగులు చాలును. ఒకటి శనగపచ్చ పురుగు. దాని శాస్త్రీయనామము హెలికోవెర్పా ఆర్మిజెరా. రెండవది పొగాకు లద్దె పురుగు, అనగా స్పోడోప్టెరా లిట్యూరా. రెండును నాక్టుయిడులే. రెండును పత్తిని, మిరపను, వేరుసెనగను తినును. ఒక్క చేనిలో ఒక్క రాత్రియే రెండింటి తల్లి పురుగులును తిరుగవచ్చును. కాని మొదటిది తన గ్రుడ్లను లేత చిగుళ్ళపై, పూమొగ్గలపై ఒక్కొక్కటిగా విడివిడిగా పెట్టును. రెండవది వందలకొలది గ్రుడ్లను ఆకుమీద ఒకే ముద్దగా పెట్టి, తన పొట్ట చివరనున్న నూగును వానిపై కప్పును. కావున గ్రుడ్ల ముద్దలున్న ఆకులను కోసి నాశనము చేయుట లద్దె పురుగు విషయములో మంచి ఉపాయము. శనగపచ్చ పురుగు విషయములో వ్యర్థశ్రమ. చేనిలో ఆముదపు మొక్కలను ఎరపంటగా వేయుట ఒకదాని కొరకు, బంతి మొక్కలను వేయుట మరియొకదాని కొరకు. లింగాకర్షక బుట్టలలో నుంచు ఎరలును వేరు. పురుగులను రోగముపాలు చేయు ఎన్.పి.వి. అను వైరసు ద్రావణములు కూడ దేనిది దానికే. శనగపచ్చ పురుగునకై తయారైన దానిని లద్దె పురుగుపై చల్లినచో అది చావదు. పేరు తప్పినచో రైతునకు పోవునది డబ్బు మాత్రమే కాదు, పది దినముల కాలము. ఆ పది దినములలో పురుగు కాయలోనికి దూరును.

1987-88లో కోస్తా ఆంధ్రలోని పత్తి చేలను శనగపచ్చ పురుగు పాడుచేసినపుడు, అంతకు కొద్ది యేండ్ల ముందే వాడుకలోనికి వచ్చిన పైరిత్రాయిడు మందులకు అది లొంగుట లేదని పరీక్షలలో తేలినది. ఏ పురుగు అని తెలియకుండ ఏ మందు అని అడుగుట అప్పటికే ఎంతో ఖరీదైన అలవాటు.

సేకరణను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. బడి ఆవరణలోనో ఇంటి పెరటిలోనో ఒక తెల్లని పంచెను దండెమునకు కట్టి, దాని ముందు దీపము నుంచినచో చాలును. అమావాస్యకు అటునిటు ఉన్న రాత్రులలో, గాలి లేక ఉక్కగా నున్నపుడు ఎక్కువ వచ్చును. వెన్నెల రాత్రులలో తక్కువ. ఈ కాలపు ఎల్‌ఇడి బల్బులలో అతినీలలోహిత కిరణములు మిక్కిలి తక్కువ గనుక పూర్వపు పాదరసపు ఆవిరి దీపములకు వచ్చినన్ని పురుగులు వీనికి రావు. పట్టిన వానిని చంపుటకు పాత పుస్తకములు సయనైడు సీసాను చెప్పును. బడిలో దానిని తలపెట్టనే రాదు. పురుగులను చిన్న సీసాలలో వేసి ఒక రాత్రి, ఒక పగలు ఫ్రిజ్జిలోని మంచుగదిలో ఉంచినచో పొలుసులు రాలక చక్కగా చచ్చును. ఒక్కొక్క రకమునకు రెండు మూడు చాలును; మిగిలిన వానిని లెక్కించి విడిచిపెట్టుట మేలు. అభయారణ్యములలో అనుమతి లేనిదే దేనిని పట్టరాదు.

పురుగు మెత్తగా నున్నపుడే ఉరము నడుమ సూది గ్రుచ్చి, రెక్కలను పరచి ఆరబెట్టవలెను. సూది తుప్పు పట్టనిదై యుండవలెను. ఇత్తడి గుండుసూదులు కొంత కాలమునకు పచ్చని చిలుము పట్టి పురుగును చీల్చివేయును. పరచుటకు థర్మోకోల్ పలకలో పురుగు దేహము పట్టునంత గాడి తీసిన చాలును. పెండ్లి బాసికములు చేయు జీలుగు బెండు దొరికినచో అది ఇంకను మంచిది. సూది మెత్తగా దిగి కదలక నిలుచును. ముందు రెక్కల వెనుక అంచు దేహమునకు అడ్డముగా, లంబకోణములో నుండునట్లు లాగి, కాగితపు పట్టీలతో అదిమి, వారము పది దినములు ఆరనీయవలెను. ఇట్లు చేయుట అందము కొరకు కాదు. నాక్టుయిడుల గుర్తింపులో సగము వెనుక రెక్కలోనే యున్నది. కూర్చున్న పురుగులో అది కనబడదు.

సూదికి క్రింద చీటీ గ్రుచ్చవలెను. ఊరు, జిల్లా, తేదీ, దీపమునకు వచ్చినదా లేక ఏదైన మొక్కపై పట్టినదా, పట్టినవారి పేరు, ఇంతే. ఇది చిన్న పని గనుకనే చాలమంది రేపటికి వాయిదా వేయుదురు. రేపటికి రెండు రాత్రుల పురుగులు కలిసిపోవును. పేరు తెలియని పురుగునకు చీటీ యున్నచో దానికి విలువ కలదు, పదేండ్ల తరువాతనైనను ఎవరో ఒకరు పేరు చెప్పగలరు. చక్కని పేరు వ్రాసి ఊరును తేదీని విడిచిన పురుగు కేవలము గాజు పెట్టెలోని అలంకారము. పెట్టెలో కలరా ఉండలు వేయవలెను. వానకాలములో బూజును, అన్ని కాలములలోను చీమలను కనిపెట్టుచుండవలెను.

ఇక ఏరుట. ఒక రాత్రి పట్టిన డెబ్బదియో ఎనుబదియో పురుగులను బల్లపై పరచుకొన్నపుడు విద్యార్థి మొదట చేయు పని రంగును బట్టి కుప్పలు పెట్టుట. సహజమే గాని, ఈ పురుగుల విషయములో రంగంత మోసకారి మరియొకటి లేదు. ఆర్మిజెరాలోనే మగది పచ్చన కలిసిన బూడిద వన్నెలోను, ఆడది ఇటుక వన్నెలోను ఉండుట సాధారణము. విద్యార్థి వీనిని రెండు జాతులుగా విడదీసి, ఆడదానిని ఎక్కడిదో మరియొక ఎర్రని పురుగుతో చేర్చును. కావున రంగును చివరకు ఉంచి దేహనిర్మాణముతో మొదలుపెట్టవలెను.

మొదటి విడతలో నాక్టుయిడులు కానివానిని తీసివేయవలెను. సన్నని దేహము, పలుచని వెడల్పు రెక్కలు గలిగి, నాలుగు రెక్కలను గోడకు పరచి కూర్చుండునవి చాలవరకు జియోమెట్రిడే కుటుంబమువి. కదురువంటి దేహము, కత్తివంటి పొడుగు రెక్కలు గలవి స్ఫింజిడే. వరిని నాశము చేయు పసుపు రంగు కాండము తొలుచు పురుగు వంటివానికి నోటి ముందరి ఉపాంగములు ముక్కువలె ముందుకు సాగియుండును, అవి క్రాంబిడే. అనుమానము కలిగినపుడు భూతద్దముతో చెవిని వెదకవలెను. నాక్టుయిడులకు చెవులు ఉరము చివర, వెనుక రెక్కల క్రింద నుండును. క్రాంబిడే, జియోమెట్రిడేలకు పొట్ట మొదట నుండును.

చెవి అనగా ఆశ్చర్యపడనక్కరలేదు. గబ్బిలము వేటలో చేయు ధ్వనులు మన చెవికి అందని హెచ్చు స్థాయివి; వానిని వినుటకే ఈ పురుగునకు ఆ పలుచని పొర. ఒక్కొక్క చెవిలో ధ్వనిని గ్రహించు నాడీకణములు రెండే రెండు. అమెరికాలో కెన్నెత్ రోడర్ 1950, 60 దశకములలో ఈ రెండు కణముల సంకేతములను పట్టి, గబ్బిలము దూరముగా నున్నపుడు పురుగు పక్కకు తప్పుకొనుటను, దగ్గరపడినపుడు గిరికీలు కొట్టి నేలకు రాలుటను వివరించెను. దీపము వద్ద తాళపు చెవుల గుత్తిని గలగలలాడించి చూడుడు. కొన్ని పురుగులు ఉన్నట్టుండి పడిపోవును. ఆ గలగలలో మనము వినలేని హెచ్చు ధ్వనులున్నవి.

రెండవ విడత కొంచెము చిక్కైనది. హాంప్సన్ కాలములో నాక్టుయిడే మహా కుటుంబము. జార్జి హాంప్సన్ నీలగిరులలో తేయాకు తోటల వ్యవసాయమునకై వచ్చి, పురుగుల ప్రేమలో పడి, 1892-1896 మధ్య భారతదేశపు రెక్కల పురుగులపై నాలుగు సంపుటములు వెలువరించెను. నాక్టుయిడేకు రెండవ, మూడవ సంపుటములు చూడవలెను. ఇప్పటికిని వానిని తెరవక ఈ పని సాగదు. కాని వానిలోని పేర్లను ఉన్నవి ఉన్నట్లు చీటీపై వ్రాయరాదు. జన్యు పరిశోధనల పిమ్మట ఆ మహా కుటుంబము విడిపోయినది. 2011లో వెలువడిన లెక్క ప్రకారము ప్రపంచములో నాక్టుయిడే జాతులు సుమారు 11,800. దాని నుండి పెక్కు జాతులను తీసికొని పెరిగిన ఎరిబిడే జాతులు సుమారు 24,600. ఆముదపు ఆకులను తినివేయు దాసరి పురుగు, బత్తాయి పండ్లకు రంధ్రము చేసి రసము పీల్చు యూడోసిమా పురుగులు ఇప్పుడు ఎరిబిడేలో నున్నవి. బెండ, పత్తి కాయలను తొలుచు మచ్చల పురుగు నోలిడే కుటుంబమునకు పోయినది.

ఈ విడదీతకు వెనుక రెక్క ఈనెలు సహాయపడును. రెక్క క్రింది భాగమున ఒక చుక్క స్పిరిటు వేసినచో పొలుసులు క్షణకాలము పారదర్శకమై ఈనెలు స్పష్టముగ కనబడును. స్పిరిటు ఆరగానే రెక్క మామూలగును. రెక్క మధ్యనున్న మూసిన గది దిగువ మూల నుండి అంచునకు పోవు ఈనెలను లెక్కింపవలెను. మూడుగా కనబడినచో నాక్టుయిడే అనుకొనవచ్చును. నాలుగుగా కనబడినచో ఎరిబిడే వైపు చూడవలెను. ఇందులో ఒక మినహాయింపు కలదు. ముందు రెక్కపై వెండి లేక బంగారు మెరుపు మచ్చ, వీపుపై నిలిచిన నూగు కుచ్చులు గల ప్లూసియినే ఉపకుటుంబము వారికి నాలుగవ ఈనె గట్టిగా నున్నను వారు నాక్టుయిడేలోనే యుందురు. మెరుపు మచ్చ చూచిన తరువాత ఈనెలతో పని లేదు. తెల్లని వెనుక రెక్కపై నల్లని చుక్కలతో తొలకరిలోనే దీపములకు వచ్చు ఎర్ర గొంగళి పురుగు తల్లి, అనగా అనంతపురము వేరుసెనగ రైతులకు పాత శత్రువు, అదియు ఇప్పటి లెక్కలో ఎరిబిడేయే.

మిగిలిన కుప్పయే అసలు నాక్టుయిడులు. వీని ముందు రెక్కను ఒక దేశపటమువలె చదువుట అలవరచుకొనవలెను. రెక్కకు అడ్డముగా వంకర గీతలు పోవుచుండును. నడుమ రెండు మచ్చలు: దేహము వైపున గుండ్రని మచ్చ, అంచు వైపున చిక్కుడు గింజ ఆకారపు మచ్చ. రంగు వెలిసినను, పురుగు పాతబడినను ఈ రెండు మచ్చల స్థానము మారదు. ప్రతి పురుగును చేతబట్టి వరుసగా ఇవే ప్రశ్నలు వేయవలెను: గుండ్రని మచ్చ ఎట్లున్నది? గింజ మచ్చ ఎట్లున్నది? వెనుక రెక్క తెలుపా, మసకా, అంచున పట్టీ ఉన్నదా?

శనగపచ్చ పురుగు ముందు రెక్కలో గుండ్రని మచ్చ చిన్న చుక్క మాత్రమే, గింజ మచ్చ నల్లగా మసకగా నుండును. వెనుక రెక్క పాలిపోయి, అంచున వెడల్పైన నల్లని పట్టీ, ఆ పట్టీలో ఒక లేత మచ్చ ఉండును. లద్దె పురుగు ముందు రెక్క గోధుమ రంగుపై తెల్లని గీతలు వలవలె అల్లుకొని, ఒక ఏటవాలు తెల్ల పట్టీతో నుండును. వెనుక రెక్క ముత్యమువలె తెల్లనిది. ఈ రెంటిని ఒకసారి చూచినవారు మరల పొరపడరు. నల్లరేగడి నేలలలో శనగ మొలకలను మొదలంట కొరుకు అగ్రోటిస్ ఇప్సిలాన్ పెద్దది, నల్లనిది. గింజ మచ్చ నుండి అంచు వైపునకు మేకువంటి నల్లని గీటు పొడుచుకొని వచ్చును. గులాబి రంగు కాండము తొలుచు పురుగు తల్లి ఎండుగడ్డి రంగున మచ్చలు దాదాపు లేక యుండును.

కష్టమంతయు జంటలలో నున్నది. పొగాకు చేల ప్రాంతములలో హెలికోవెర్పా అసల్టా అను మరియొక జాతి ఆర్మిజెరాతో కలిసి దీపమునకు వచ్చును. అది కొంచెము చిన్నది, పసుపు ఎక్కువ, గీతలు స్ఫుటమైనవి. అది పొగాకు కుటుంబపు మొక్కలకే అంటిపెట్టుకొనును. శనగ, పత్తుల జోలికి పోదు. రెంటిని కలిపి లెక్కించినచో శనగ చేనికి లేని భయమును కల్పించినట్లగును. వానిని వేరుచేయుటకు తాజా పురుగులు పది పన్నెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుట కన్న మంచి మార్గము లేదు. ఒక్క పురుగును బొమ్మతో పోల్చి చూచువారు ఎప్పుడును తమకు కావలసిన పేరునే చదువుదురు.

మొక్కజొన్న విషయములో ఈ చిక్కు కండ్ల యెదుటనే జరిగినది. మన చేలలో పూర్వము నుండి మిథిమ్నా సెపరేటా అను కంకి కత్తిరించు పురుగు ఉన్నది. 2016లో ఆఫ్రికాలో అడుగిడిన అమెరికా ఖండపు కత్తెర పురుగు, స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా, 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్నపై గుర్తింపబడి, ఆ యేడే తెలుగు రాష్ట్రములలోను కనబడినది. సుడులలో దాగి ఆకులను చిల్లులుచేయు పురుగును చూచి ఇది పాత పురుగే యనుకొనుట తేలిక. గొంగళి దశలో తలపై తలక్రిందులైన ఆంగ్లాక్షరము ‘వై’, పొట్ట చివరి వైపున చదరముగా నాలుగు నల్లని చుక్కలు ఉన్నచో అది కత్తెర పురుగు. రెక్కల దశలో మగదాని ముందు రెక్క కొనయందు తెల్లని మచ్చ, నడుమ ఏటవాలుగా లేత రంగు గుండ్రని మచ్చ ఉండును. వెనుక రెక్క వెండి తెలుపు. సెపరేటా వెనుక రెక్క మసక బూడిద రంగు. ముందు రెక్క నడుమ ఒక చిన్న తెల్లని చుక్క, కొన నుండి లోనికి వాలిన నల్లని చార ఉండును. ఇంతవరకు సులభమే. కాని సెపరేటాకు దగ్గరి చుట్టమైన మిథిమ్నా లోరియై వెనుక రెక్క తెల్లనిది. కత్తెర పురుగునకై పెట్టిన లింగాకర్షక ఎరలకు లోరియై మగ పురుగులును వచ్చి పడుట ఆఫ్రికాలో గమనింపబడినది. బుట్టలో పడిన ప్రతి పురుగును కత్తెర పురుగుగా లెక్కించి మందు చల్లినచో ఏమగునో చెప్పనక్కరలేదు. బుట్ట పురుగులు కొట్టుకొని పొలుసులు రాల్చుకొనును గనుక ప్రతి దినము తీసి చూచుట అవసరము.

కత్తెర పురుగులో ఆడది మరింత చిక్కు. దానికి తెల్ల మచ్చ లేదు. మసక గోధుమ రంగే. మగ ఆడ భేదము తెలియుటకు వెనుక రెక్క మొదట ముందుకు పొడుచుకొని వచ్చి రెండు రెక్కలను కలిపి పట్టు ముల్లును చూడవలెను. మగదానికి అది ఒక్కటే గట్టి ముల్లు; ఆడదానికి సన్ననివి రెండో మూడో ఉండును. నా మట్టుకు నాకు విద్యార్థిచే మొదట ఈ ముల్లును చూపించుట మేలని తోచును. రంగు చూడక నిర్మాణము చూచు అలవాటు ఈ ఒక్క పనితో వచ్చును.

ఇంత చేసినను కొన్నింటికి రెక్కలు సాక్ష్యము చెప్పవు. మన లిట్యూరాకును, ఆఫ్రికా, మధ్యధరా దేశముల స్పోడోప్టెరా లిట్టొరాలిస్‌కును పైకి భేదము లేనట్లే. అట్టి వానికి పొట్ట చివరి భాగమును విరిచి, పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణములో వేడిచేసి మెత్తబరచి, జననాంగముల ఆకారమును సూక్ష్మదర్శినిలో చూడవలెను. ఇది కళాశాల ప్రయోగశాలలో పెద్దల పర్యవేక్షణలో చేయదగిన పని. ఈ కాలమున ఒక కాలిని కోసి, అందలి ఒక జన్యువులో సుమారు 650 అక్షరముల వరుసను చదివి పేరు తేల్చు పద్ధతియు వచ్చినది. పాఠశాలలకు అది అందుబాటులో లేదు. కాని ఆరబెట్టి దాచిన పురుగు కాలు ఎన్నో యేండ్ల తరువాత కూడ ఆ పనికి వచ్చును.

పేర్లు మారుటను చూచి విసుగుకొనువారు కలరు. మన పాత వ్యవసాయ పుస్తకములలో శనగపచ్చ పురుగు హీలియోథిస్, లద్దె పురుగు ప్రోడీనియా. 1965లో హార్డ్‌విక్ అను శాస్త్రజ్ఞుడు జననాంగములను పరిశీలించి హెలికోవెర్పా అను ప్రజాతిని వేరుచేసెను. అందువలన అమెరికా ఖండముల పురుగైన హెలికోవెర్పా జియాకును, మన ఆర్మిజెరాకును గల భేదము స్పష్టపడినది. పేరు మారినపుడు పాత చీటీని తీసివేయక దాని క్రింద మరియొక చీటీ గ్రుచ్చుట ఆచారము. ఎవరు ఎప్పుడు ఏమని తలచిరో అందువలన తెలియును.

ఏరిన తరువాత ఏ కుప్పలోను చేరక ఎప్పుడును కొన్ని మిగులును. వానికి బలవంతముగ పేరు పెట్టక వేరొక పెట్టెలో చీటీలతో ఉంచవలెను. 2013లో బ్రెజిల్ దేశములో సోయా, పత్తి పైరులపై ఆర్మిజెరా ఉన్నదని ప్రకటింపబడినది. అంతవరకు ఆ ఖండమున అది లేదని నమ్మకము. కనబడిన ప్రతి పురుగును జియా అనుకొనుట అక్కడి వాడుక, పైకి రెండును అంతగా పోలియుండును. ఆ ప్రకటన తరువాత అక్కడి పరిశోధకులు పాత సేకరణలను మరల తీసి పరిశీలింపగా 2008 అక్టోబరులో పట్టిన పురుగులలోనే ఆర్మిజెరా బయటపడినది.